ఐదు శ్రుతి గొంతుతో ఒపెరా సొప్రానో: తిరుపతి నుంచి ఎలా మొదలుపెట్టాలి?

గాంధీరోడ్డు: మన సంగీత కళాశాలలో కర్ణాటక గాత్రం నేర్చుకున్న అమ్మాయి. వయసు 20, ఐదు శ్రుతి. ఒపెరా వైపు వెళ్లాలంటే ముందేం చేయాలి? నేర్చిందంతా వదిలేయాలా?

తారాపంచమం: ఏమీ వదలక్కర్లేదండీ. శ్రుతిజ్ఞానం, లయ, పాఠం కంఠస్థం చేసే అలవాటు అన్నీ పనికొస్తాయి. కష్టమంతా పై స్థాయిలోనే. ఐదు శ్రుతి అంటే ఆధార షడ్జం జి3 (పాశ్చాత్య స్వరాల పేర్లు ఇవి, పక్క అంకె స్థాయిని చెబుతుంది). మంద్ర పంచమం డి3, తార పంచమం డి5. మన కచేరీ దాదాపు ఈ రెండింటి మధ్యే నడిచిపోతుంది. సొప్రానోకి, అంటే ఒపెరా అనే పాశ్చాత్య సంగీత నాటకంలో అన్నిటికన్నా పై స్థాయి ఆడగొంతుకి, సి4 నుంచి సి6 దాకా కావాలి. అంటే తార పంచమం పైన ఇంకో పది అర్ధస్వరాలు ఎక్కాలి.

మనవాళ్లు ఛాతీ గొంతునే బిగించి పైకి తోస్తా ఉంటారు. ఒపెరాలో అది చెల్లదు. ఎఫ్4 దగ్గర, అంటే మధ్య స్థాయి కైశికి నిషాదం దగ్గరే బరువు తగ్గించి తలస్వరంలోకి, అంటే తలలో మోగినట్టుండే తేలిక గొంతులోకి జారాలి. అక్కడ మొదట గొంతు పీలగా, గాలి కలిసినట్టు వస్తుంది. అది చూసి భయపడి మళ్లీ బిగించేవాళ్లే ఎక్కువ. బిగిస్తే స్వరతంతువుల అంచులు ఒరుసుకుని నాడ్యూల్స్ (చిన్న బుడిపెలు) కట్టే ప్రమాదముంది. గట్టిగా పాడితే పలికే పై స్వరం మెల్లగా పాడితే పలకడం లేదంటే అదే మొదటి గుర్తు. బొంగురు రెండు వారాలు దాటితే ఆగకుండా ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి.

సాధనకు ఒక స్ట్రా, సగం గ్లాసు నీళ్లు చాలు. స్ట్రా కొస 2-3 సెంటీమీటర్లు నీళ్లలో ముంచి, ఊదుతూనే కింది నుంచి పైకి, పై నుంచి కిందికి గొంతు జారించాలి. బుడగలు ఒకే తీరుగా రావాలి. ఎక్కడ ఆగిపోతే అక్కడ గొంతు బిగిసిందన్నమాట. రోజుకు రెండు పూటలా, ఐదేసి నిమిషాలు.

వాగ్గేయం: అచ్చుల సంగతి కూడా రాస్తాను. పైన ఎఫ్5 దాటాక ‘ఇ’, ‘ఉ’ మామూలుగా పలికితే శబ్దం నలిగిపోతుంది. దవడ వదిలి ‘ఆ’ వైపు తెరవాలి. మైకు లేకుండా ఆర్కెస్ట్రా మీదుగా గొంతు వినపడాలి కదా! అలాగే ఒపెరా గొంతులో సెకనుకు 5 నుంచి 7 సార్లు దానంతటదే ఊగే కంపనం ఉంటుంది. దాన్ని గమకంలా చేత్తో ఊపినట్టు తెప్పించకూడదు. గొంతు సడలితే వచ్చేదది.

గాంధీరోడ్డు: చాలా మేలు చేశారు. గురువు, పరీక్షల సంగతి?

సప్తగిరి: పాశ్చాత్య గాత్రానికి దగ్గర్లో చెన్నైయే. పొద్దున రైలెక్కితే మూడు గంటల పైచిలుకు ప్రయాణం. వారానికి ఒక పాఠమైనా ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలి. ఆన్‌లైన్‌లో పియానోతో కలిపి పాడితే శబ్దం ఆలస్యమై లయ తప్పుతుంది. పక్కవాయిద్యం ముందే రికార్డు చేసి పంపించుకోండి.

పరీక్షలకు ట్రినిటీ, ఏబీఆర్‌ఎస్‌ఎం అనే లండన్ సంగీత పరీక్షా సంస్థలు రెండూ ఉన్నాయి. ఏబీఆర్‌ఎస్‌ఎంలో ఆరో గ్రేడు నుంచి ముందుగా ఐదో గ్రేడు థియరీ పాసవ్వాలి. ట్రినిటీలో ఆ షరతు లేదు. స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పాశ్చాత్య లిపి) మాత్రం ఎటూ తప్పదు, ఈ రోజే మొదలెట్టించండి. బ్రిటన్ కన్సర్వేటరీలు (సంగీత కళాశాలలు) చాలావరకు యూకాస్ అనే ఉమ్మడి దరఖాస్తు సంస్థ ద్వారానే తీసుకుంటాయి. గడువు అంతకుముందు ఏడాది అక్టోబరు మొదట్లోనే అయిపోతుంది.

తారాపంచమం: తర్వాత ఒపెరా కంపెనీల ఆడిషన్‌కు ఐదు ఏరియాలు (ఒపెరాలో ఒక్కరే పాడే పాటలు) సిద్ధం పెట్టుకోవడం వాడుక. ఇటాలియన్, జర్మన్, ఫ్రెంచ్, ఇంగ్లీషు అన్నీ ఉండాలి. మొదటిది అమ్మాయి ఇష్టం, రెండోది వాళ్లు అడుగుతారు. కాబట్టి ఐదూ ఒకేలా పలకాలి. ఇరవైల్లో మోజార్ట్ సుజానా, పమీనా లాంటి తేలిక పాత్రలు మేలు. టోస్కా, టూరాండోట్ లాంటి బరువైన పాత్రలు ముట్టుకోవద్దు, గొంతు ముదరాలి.

కొత్త పాట పట్టేటప్పుడు ముందు ప్రతి మాటకూ అర్థం రాసుకుని, లయలో చదివించి, ఆపైన అచ్చుల మీద స్వరాలు పలికించి, చివర్లోనే రెండూ కలపాలి. నేరుగా యూట్యూబ్ విని పట్టుకుంటే పాడినవాళ్ల తప్పులు, శ్వాస తీసుకునే చోట్లు కూడా అంటుకుంటాయి. తర్వాత దిద్దడం మహా కష్టం.