ఇనిషియల్ వెనక దాక్కున్న ఇంటిపేర్లు: ఒకే అరుదైన ఇంటిపేరుతో ఇద్దరు ప్రముఖులు ఎక్కడెక్కడున్నారు?

లజ్ కార్నర్ (మైలాపూర్, చెన్నై) అడిగిన ప్రశ్న

రోజూ పొద్దున ఆరింటికి లజ్ చర్చ్ రోడ్డులోని నాగేశ్వరరావు పార్కులో నడుస్తాను. నాతోపాటు నాలుగు చుట్లు తిరిగే తమిళ పెద్దాయన ఒకరున్నారు, బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. మొన్న బెంచీ మీద కూర్చుని తీరిగ్గా అడిగారు: "ఈ నాగేశ్వరరావు మీ సినిమా యాక్టరే కదమ్మా?"

నాకు కోపం రాలేదు గానీ ఊరుకోబుద్ధి కాలేదు. కాదు సార్, ఈయన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు, మీ ఇంట్లో తలనొప్పికి రాసుకునే అమృతాంజనం ఈయనదే అన్నాను. 1893లో బొంబాయిలో ఆ వ్యాపారం మొదలుపెట్టి, వచ్చిన డబ్బు పత్రికలకీ పుస్తకాలకీ ధారపోశారు. 1914 నుంచి ఆంధ్రపత్రిక దినపత్రికగా ఈ ఊళ్లోనే వచ్చింది. 1937లో కోస్తా వాళ్లూ రాయలసీమ వాళ్లూ కూర్చుని ఒప్పందం రాసుకున్నది కూడా ఈ రోడ్డులోని ఆయన ఇంట్లోనే. ఆ ఇంటికి పెట్టుకున్న పేరు శ్రీబాగ్, అదే ఒప్పందానికీ పేరైంది. పెద్దాయన అంతా విని, "అమృతాంజనం తెలుగువాళ్లదా!" అన్నారు. మిగతాదంతా ఆయన చెవిన పడిందో లేదో.

అసలు సంగతి ఇంటికొచ్చాక. మా అత్తగారు చారులో పోపు పెడుతూ, "మన డైరెక్టరుగారిదీ అదే ఇంటిపేరుగా" అన్నారు. కె. విశ్వనాథ్ గారి 'కె' అంటే కాశీనాథుని! మాది రేపల్లె వైపు, ఆయన పుట్టిన పెదపులివర్రు మాకు పరాయి ఊరేం కాదు. ఇదే మద్రాసులో వాహినీ స్టూడియోలో సౌండు పనితో మొదలై 2016 సంవత్సరానికి ఫాల్కే అవార్డు దాకా వెళ్లిన మనిషి. ఆయన పేరు తెరమీద ఎన్నిసార్లు చదివానో, ఆ 'కె' ఏమిటని ఒక్కసారీ అనుకోలేదు.

అప్పటినుంచీ పిచ్చి పట్టింది. ఇలా అరుదైన ఇంటిపేరు ఒకటే ఉండి, ఎవరి దారిన వాళ్లు పేరు తెచ్చుకున్నవాళ్లు ఇంకెవరున్నారు? రెడ్డి, నాయుడు లాంటివి వద్దు, అవి ఇంటిపేర్లు కావు. తండ్రీకొడుకులైతే లెక్కలోకి రారు.

(ఈ గొడవ ఇప్పుడే ఎందుకంటే, మా అమ్మాయి పాస్‌పోర్టు ఫారంలో ఇంటిపేరు గడి దగ్గర ఆగిపోయాం. ఇక్కడి బళ్లో వాళ్ల నాన్న పేరులోని మొదటి అక్షరాన్ని ఇనిషియల్‌గా వేశారు. ఇంటిపేరు ఎక్కడా లేదు.)

పాత ప్రూఫులు (కోడంబాక్కం)

అమ్మా, మంచి ప్రశ్న వేశావు. నేను ఈ ఊళ్లో ముప్ఫై ఏళ్లు తెలుగు ప్రూఫులు దిద్దాను. ఇంటిపేరు పూర్తిగా వేస్తే పేరు రెండో లైనులోకి జారుతుందని పొట్టి అక్షరం వేసి సరిపెట్టేవాళ్లం. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

నా ఓటు దేవులపల్లికి. ఒకాయన కృష్ణశాస్త్రి గారు, భావకవి, 1980లో ఈ మద్రాసులోనే పోయారు. 1963లో గొంతు పోయాక కాగితం మీద రాసి మాట్లాడేవారు. ఇంకొకాయన దేవులపల్లి వెంకటేశ్వరరావు, తెలంగాణ సాయుధ పోరాటం నడిపిన కమ్యూనిస్టు నాయకుడు. ఒకరిది పిఠాపురం వైపు, ఒకరిది తెలంగాణ. ఒకరు వెన్నెల గురించి రాస్తే ఒకరు భూమి గురించి కొట్లాడారు. ఇంటిపేరు తప్ప ఇద్దరినీ ఒక గదిలో కూర్చోబెట్టే సాకు ఇంకోటి దొరకదు. మూడోవారు కావాలంటే ఆంధ్ర సారస్వత పరిషత్తు దేవులపల్లి రామానుజరావు గారు.

ఒక్క మాట. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చుట్టాలని తీర్మానించకండి. మనవాటిలో సగం ఊరిపేర్లే. ఒకే ఊరినుంచి వేర్వేరు కులాలవాళ్లు, వేర్వేరు గోత్రాలవాళ్లు వలసపోయి అదే పేరు పెట్టుకున్నారు.

బనశంకరి బాబు (బెంగళూరు)

నేను కుర్రాణ్ని, కవుల జోలికి రాను. కానీ అడివి ఇంటిపేరు చూడండి. అడివి శేష్ మాకు తెలుసు. మా తాత మాత్రం ఆ పేరు వింటే "బాపిరాజు గారి వాళ్లా?" అంటాడు. అడివి బాపిరాజు అంటే నవలలు రాసి, బొమ్మలు గీసి, పాటలు కట్టి, సినిమాలకి కళాదర్శకత్వం కూడా చేసినాయన అట. 1895లో పుట్టి 1952లో పోయారు. చుట్టరికం సంగతి నన్నడక్కండి, తాతనూ అడక్కండి, సాయంత్రం దాకా వదలడు.

ఇనిషియల్ బాధ మా ఊళ్లో ఇంకా పెద్దది. రైలు దిగేది సర్ ఎం. విశ్వేశ్వరయ్య టెర్మినల్లో, సెంట్రల్ కాలేజ్ దగ్గర మెట్రో స్టేషనుదీ ఆయన పేరే. ఆ 'ఎం' మోక్షగుండం అనీ, అది మన ప్రకాశం వైపు ఊరనీ ఆఫీసులో చెబితే, నేనేదో ఆయన్ని ఎత్తుకుపోతున్నట్టు చూశారు. ఆయన పుట్టింది ముద్దేనహళ్లిలోనే, దివానుగిరీ మైసూరుదే, నేనేమీ కాదనలేదు! ఊరిపేరు చెప్పానంతే. జంట మాత్రం దొరకలేదు, కాబట్టి ఇది మీ లెక్కలోకి రాదేమో.

అన్నపూర్ణ పిన్ని (టి. నగర్)

పింగళి ఎవరూ అనలేదేం? పదహారో శతాబ్దపు సూరన, 1921లో బెజవాడలో గాంధీగారికి జెండా నమూనా ఇచ్చిన వెంకయ్య, కాటూరితో జంటకవిత్వం చెప్పిన లక్ష్మీకాంతం, ఈ ఊరి స్టూడియోల్లో కూర్చుని కొత్త మాటలు పుట్టించిన నాగేంద్రరావు. ఒక్క ఇంటిపేరుకి నలుగురు!

సర్వేపల్లి కూడా రాసుకోండి. రాధాకృష్ణన్ గారు, చరిత్రకారుడు గోపాల్ గారు.

లజ్ కార్నర్

పిన్నిగారూ, సర్వేపల్లి వాళ్లు తండ్రీకొడుకులండీ. మైలాపూర్లో రాధాకృష్ణన్ సాలై మీద రోజూ ఆటో ఎక్కే మనిషిని, మనసు ఒప్పడం లేదు గానీ నేను పెట్టిన నియమం నేనే తప్పలేను. పింగళికి మాత్రం తిరుగులేదు. కృష్ణా జిల్లావాళ్లు వచ్చి "అది అరుదేమిటి, మా వీధిలోనే మూడు కొంపలున్నాయి" అనకపోతే చాలు.

పాత ప్రూఫులు

ఆడవాళ్ల ఇనిషియళ్ల వైపు ఎవరూ వెళ్లలేదు. అక్కడ ఇంకా తమాషా. ఎస్. జానకి గారి 'ఎస్' శిష్ట్లా, అది పుట్టింటి పేరు. పి. సుశీల గారి 'పి' పులపాక, అదీ పుట్టింటిదే. పి. భానుమతి గారి 'పి' పాలువాయి, అది మాత్రం భర్త రామకృష్ణారావు గారిది. ఇద్దరు పి-ల వెనక ఇన్ని తేడాలు.

శిష్ట్లాకి జోడీ కావాలా? శిష్ట్లా ఉమామహేశ్వరరావు. 1930ల్లోనే ఛందస్సు తెంచుకుని కవిత్వంలో ప్రయోగాలు చేసినవాడు. చాలామంది మర్చిపోయారు. పాట పాడినావిడ ఇంటిపేరు ఎవరికీ తెలియదు, కవి ఇంటిపేరు తప్ప ఏమీ తెలియదు.

లజ్ కార్నర్

జానకి గారూ మా రేపల్లె తాలూకానే! పల్లపట్ల ఆవిడది. ఇంతకాలం శిష్ట్లా వారని తెలియక బతికాను చూడండి. నా లెక్కలో కాశీనాథుని, దేవులపల్లి, పింగళి, శిష్ట్లా, అడివి తేలాయి. అన్నిట్లోకీ దేవులపల్లి నచ్చింది. ప్రూఫులవారి మాటతో ఇక దాన్ని మించింది వస్తుందనుకోను.

పాస్‌పోర్టు గడిలో ఇంటిపేరు పూర్తిగా రాయించాం. పదకొండు ఇంగ్లీషు అక్షరాలు. మావారు "విమానం టికెట్టులో పడుతుందా ఇది" అంటున్నారు.

ఈ పొద్దున పార్కులో పెద్దాయనకి అంతా చెప్పాను. పాటల దగ్గరకొచ్చేసరికి కళ్లు మెరిశాయి, జానకి గారి తమిళ పాట ఒకటి నాలుగు చరణాలూ పాడేశారు, పక్క బెంచీవాళ్లు చూస్తున్నా లెక్కచేయకుండా. అప్పుడు తట్టింది, ఈయన పేరుముందు 'టి.వి.' ఉందని ఏడాదిగా తెలుసు, అదేమిటని నేనూ అడగలేదు. అడిగాను. "వి మా నాన్న పేరమ్మా. టి తిరువయ్యారు, మా ఊరు" అన్నారు.