సమస్యాపూరణం: కదలనట్టి పేజి కదను తొక్కె
(రాత్రిపని, గణవిభజన, కొత్తకలం, లఘువు, ద్విపద: ఇవన్నీ పాల్గొన్నవారి మారుపేర్లు.)

నిర్వాహకుడు: ఈ వారం ఆటవెలది. ఇచ్చింది నాలుగో పాదం. విషయం సొంత వెబ్‌సైటు, బ్లాగు కట్టుకోవడం. కదలని పేజీ గుర్రంలా కదను ఎలా తొక్కిందో మీరే చెప్పాలి. ఇంగ్లిష్ మాటలు రానివ్వండి, గణాలు మాత్రం తప్పకూడదు.

రాత్రిపని:
ఎవ్వరడుగకున్న నెల్ల పేజీలను
బిల్డు నాడె చేసి పేర్చి యుంచ,
సర్వరేమి చేయు? చల్లగా నిద్రించు!
కదలనట్టి పేజి కదను తొక్కె.

గణవిభజన: ధార బాగుంది, బి–పే యతి కూడా కుదిరింది. పేచీ అర్థంతోనే. సర్వరు (సైటును పంపే కంప్యూటరు) ఎక్కడ నిద్రపోయింది? బిల్డు అంటే పేజీలన్నీ ముందే ఫైళ్లుగా తయారుచేయడం కాబట్టి, ఎవరో వచ్చిన ప్రతిసారీ డేటాబేసును అడిగి పేజీ అల్లే పని తప్పింది గానీ, ఫైలు తీసి ఇచ్చే పని దానిదేగా! "నిద్రించు" తీసి "నందించు" పెట్టండి. యతి కదలదు, గణం చెడదు, మాటా నిజమవుతుంది.

రాత్రిపని: "చల్లగా నందించు". భలే, మార్చేశాను మాస్టారూ. కొత్త టపా రాస్తే మళ్లీ బిల్డు చేయాలన్న సంగతి మాత్రం పద్యంలో పట్టలేదు.

నిర్వాహకుడు: పట్టకపోతే పోనీండి. టపాను మార్క్‌డౌన్ ఫైలుగా (కొద్ది గుర్తులతో రాసే మామూలు పాఠం) రాసి గిట్‌లోకి (ఫైళ్ల మార్పులు దాచే పనిముట్టు) తోస్తే బిల్డు దానంతటదే జరిగేలా పెట్టుకోవచ్చు. అన్నట్టు, 1991లో వెబ్ సృష్టికర్త టిమ్ బెర్నర్స్-లీ పెట్టిన మొదటి వెబ్‌సైటు కూడా కదలని పేజీలే. చుట్టూ తిరిగి మళ్లీ అక్కడికే వచ్చాం.

కొత్తకలం:
ద్వీపమైన చోటె తిరుగాడు స్క్రిప్టులు,
మిగత పేజి యంత మేలి రాత,
బరువు దింపినంత పక్షియై యెగిరెరా,
కదలనట్టి పేజి కదను తొక్కె.

గణవిభజన: ఆస్ట్రో (సైట్లు కట్టే పనిముట్టు) వాడేవారని మొదటి పాదంలోనే తెలిసిపోయింది! గణాలు సరే. కానీ తమ్ముడూ, పక్షి ఎక్కడైనా కదను తొక్కుతుందా? మూడో పాదంలో రెక్కలిచ్చి నాలుగో పాదంలో డెక్కలు తగిలించావు.

కొత్తకలం: అయితే "బరువు దింపినంత పరుగులందుకొనుచు" అంటే?

గణవిభజన: ఇప్పుడు అతికింది. కదలని పేజీ మధ్య స్క్రిప్టు నడిచే ముక్కకు ద్వీపం అన్న మాట నాకు బాగా నచ్చింది. ఆస్ట్రో మామూలుగా కాంపొనెంటుకు (పేజీలోని ఒక్కో ముక్కకు) జావాస్క్రిప్టు పంపదు, మనం అడిగిన చోటే పంపుతుంది. "క్లయింట్:విజిబుల్" అని రాస్తే, పాఠకుడు స్క్రోల్ చేస్తూ అక్కడికి వచ్చాకే ఆ స్క్రిప్టు దిగుతుంది. దీని మీదే ఇంకో పద్యం రాయొచ్చు.

లఘువు: నాది రియాక్టు (జావాస్క్రిప్టు లైబ్రరీ) బాధ. "హైడ్రేషను" (తెర మీదికొచ్చిన పేజీకి స్క్రిప్టు ప్రాణం పోయడం) పాదం మొదట్లో పెడదామంటే ఇమడడం లేదు.

గణవిభజన: ఇమడదు. హై, డ్రే రెండూ గురువులే, సూర్యగణం ఎలా అవుతుంది? నాలుగో గణానికి జరపండి, అక్కడ త-గణం (గురువు, గురువు, లఘువు) చెల్లుతుంది. పాదం "అ"తో మొదలెడితే హై-తో యతి కూడా కుదురుతుంది.

లఘువు:
అంత సిద్ధమైన హైడ్రేషనవ్వక
బటను నొక్కినపుడు పలుకదాయె,
స్క్రిప్టు దిగిన వెనుక చేతన మొందెను,
కదలనట్టి పేజి కదను తొక్కె.

నిర్వాహకుడు: ఈ వారానికి నా ఓటు దీనికే. మిగిలిన ఇద్దరూ "కదలని" అంటే స్టాటిక్ (ముందే తయారుచేసి ఉంచిన పేజీ) అనే తీసుకున్నారు. మీరు కంటికి కనబడుతూ చేతికి స్పందించని ఆ కాసేపటిని పట్టుకున్నారు. సర్వరు పంపిన హెచ్‌టీఎంఎల్ తెర మీదికి వచ్చేసింది, బటన్లకు ప్రాణం పోసే కోడు ఇంకా దారిలో ఉంది. పాఠకుడు టకటకా నొక్కుతూనే ఉంటాడు పాపం!

ద్విపద: ఆలస్యమైంది, ఇదీ చూడండి.
రంగు మార్చి మార్చి రాయక వదిలేసి
థీములెన్నొ వెదకి తిరిగి తిరిగి
ఒక్క టపను రాయ నూరంత చదివెరా
కదలనట్టి పేజి కదను తొక్కె.

కొత్తకలం: ఇది నన్నే అన్నట్టుంది!

గణవిభజన: "తిరిగి" తర్వాత "ఒక్క" రాకూడదు, యడాగమం రావాలి. కానీ "యొక్క" అని రాస్తే విభక్తిలా వినబడి నవ్వొస్తుంది. అందుకే పాదాంతంలో విడిచిపెట్టినా నేనేమీ అనను.

నిర్వాహకుడు: వచ్చే వారం 404 పేజీ (అడిగిన పేజీ లేదని చెప్పేది) మీద, మళ్లీ ఆటవెలదే: "లేని పేజి తెరువ లేచి నవ్వె".