అప్‌డేట్: ఐసీయూ వదిలి నర్సింగ్ ట్యూటర్‌గా చేరాను

ఐసీయూలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను, బీఎస్సీ నర్సింగ్‌తోనే టీచింగ్‌లోకి వెళ్లొచ్చా అని ఆమధ్య అడిగింది నేనే. వెళ్లొచ్చు. హైదరాబాద్ శివార్లలో ఒక కాలేజీలో ట్యూటర్‌గా చేరాను.

బీఎస్సీ తర్వాత ఏడాది క్లినికల్ అనుభవం ఉంటే ట్యూటర్ పోస్టుకు చాలని ఒక అక్క చెప్పింది నిజమే. ఎమ్మెస్సీ ఉన్నవాళ్లకే మొగ్గు అనుకోండి. అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే మాత్రం అది తప్పదు. ముందు వెళ్లిన కాలేజీవాళ్లు ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గరే ఉంచాలన్నారు. దండం పెట్టి వచ్చేశాను.

జీతం తగ్గింది, నైట్ డ్యూటీ పోయింది. మా అత్తమ్మకు రెండోదే కనిపిస్తోంది!

అసలు టెన్షన్ స్కిల్ ల్యాబ్‌లో, అంటే పిల్లలకు బొమ్మల మీద పనులు చేసి నేర్పే చోట. 2021లో సిలబస్ మారి సెమిస్టర్లు వచ్చాక ల్యాబ్ పని పెరిగింది. రైల్స్ ట్యూబ్ (ముక్కులోంచి పొట్టలోకి వేసే గొట్టం) వేసే ముందు ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కణ్నుంచి రొమ్ము ఎముక చివరిదాకా కొలవాలి. ఐసీయూలో కళ్లు మూసుకుని చేసిన పని. "అలాగే ఎందుకు కొలవాలి మేడమ్?" అని ఒక అమ్మాయి అడిగేసరికి మాటలు వెతుక్కున్నా. ఇప్పుడు రాత్రే ప్రశ్నలు రాసుకుని వెళ్తున్నా. వార్డు పోస్టింగ్‌లో అయితే నాకు బెరుకే లేదు.

కాళోజీ హెల్త్ వర్సిటీ నోటిఫికేషన్ పడితే ఎమ్మెస్సీకి అప్లై చేస్తా. రెండేళ్ల రెగ్యులర్ కోర్సు, ఉద్యోగం మానాల్సిందే. స్పెషాలిటీగా ఏది తీసుకోవాలి, మెడికల్ సర్జికలా, కమ్యూనిటీ హెల్తా? చదివినవాళ్లు చెప్పండి.