అటక వేడి తగ్గించడానికి ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఒక్కటి సరిపోతుందా?

ప్రశ్న:
మా ఇంటి ఏటవాలు కప్పుకూ పడకగదుల సీలింగ్‌కూ మధ్యనున్న అటక మధ్యాహ్నానికల్లా నిలబడలేనంతగా వేడెక్కుతోంది. పొద్దుగూకి మూడు నాలుగు గంటలు గడిచినా సీలింగ్ నుంచి సెగ దిగుతూనే ఉంటుంది. అటకలో గ్లాస్‌వూల్ (వేడిని ఆపే గాజు పీచు) పరిచి ఉంది. ఎగ్జాస్ట్ ఫ్యాన్ బిగిస్తే చాలునని పనివారు అంటున్నారు. ఇది సరైన సలహాయేనా?

సమాధానం 1:
దయచేసి ఫ్యాన్‌తో మొదలుపెట్టకండి. చూరు దగ్గర గాలి లోపలికి వచ్చే దారి చాలకపోతే, లైట్ల చుట్టూ, వైర్లు దిగే రంధ్రాల చుట్టూ ఉన్న సందుల గుండా ఫ్యాన్ మీ గదుల్లోని చల్లని గాలినే పైకి లాగేస్తుంది. ఇంట్లో గ్యాస్ గీజర్ ఉంటే దాని పొగ వెనక్కి తన్నే ప్రమాదమూ ఉంది. ముందు సీలింగ్ సందులన్నీ మూయించండి. వేడిగాలి తనంతట తానే పైకి పోతుంది కనుక, చూరు కింద, కొప్పు (కప్పు రెండు వాలులూ పైన కలిసే చోటు) వెంబడి తగినన్ని రంధ్రాలుంటే చాలాసార్లు ఫ్యాన్ అవసరమే రాదు.

సమాధానం 2:
ఆ రంధ్రాల కొలత గురించి: గాలి నిజంగా వెళ్లగలిగే ఖాళీ అటక వైశాల్యంలో 150వ వంతు ఉండాలన్నది వాడుకలో ఉన్న లెక్క. అందులో సగం చూరు దగ్గర, సగం కొప్పు దగ్గర ఉంటే 300వ వంతు చాలు. అంటే 90 చదరపు మీటర్ల అటకకు మొత్తం 0.3 చదరపు మీటర్లు. పురుగుల కోసం బిగించిన జాలీ ఈ ఖాళీని బాగా తగ్గిస్తుంది కాబట్టి రంధ్రాలు ఇంకా పెద్దవి కావాలి.

సమాధానం 3:
గాలి ఎంత ఆడినా, ఎండకు కాగిన కప్పు అడుగు నుంచి నేరుగా ప్రసరించే వేడి ఆగదు. దానికి వాసాల అడుగున అల్యూమినియం రేకు, మెరిసే వైపు కిందికి, ఖాళీ జాగాను చూసేలా బిగించాలి. గ్లాస్‌వూల్ మీద పరిస్తే దుమ్ము పేరుకుని కొన్నాళ్లకే పనిచేయదు. గ్లాస్‌వూల్‌నూ అణచకండి, దానిలో చిక్కుకున్న గాలే వేడిని ఆపేది.

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే ఎక్కి చూశాను. చూరు రంధ్రాలన్నింటిలోనూ గ్లాస్‌వూల్ కూరి ఉంది! స్నానాలగది ఫ్యాన్ గొట్టం కూడా అటకలోనే ఆగిపోయింది.

సమాధానం 1:
గొట్టాన్ని తప్పక ఇంటి బయటికి పొడిగించండి. ఆ ఆవిరి వాసాలను కుళ్లబెడుతుంది, తడిసిన గ్లాస్‌వూల్ వేడిని ఆపలేదు. చూరు దగ్గర గ్లాస్‌వూల్‌ను వెనక్కి జరిపి, అది మళ్లీ జారకుండా వాసాల మధ్య అడ్డుపలకలు పెట్టి, కప్పు అడుగున రెండంగుళాల గాలిదారి వదలండి.