అమ్మ గుండె వాల్వ్ చప్పుడు మారింది, గడ్డ కట్టిందో లేదో ఏ పరీక్షలో తేలుతుంది?

అందరికీ నమస్కారం. మా అమ్మకు మైట్రల్ వాల్వ్ మార్చి 6 ఏళ్లయింది. రెండు రెక్కల మెకానికల్ వాల్వ్. రాత్రి పక్కన పడుకుంటే గడియారంలా టిక్ టిక్‌మని స్పష్టంగా వినిపించేది. వారం రోజులుగా ఆ చప్పుడు మీద ఏదో దుప్పటి కప్పినట్టుంది. నాలుగు మెట్లెక్కితే ఆయాసపడుతోంది.

ఈమధ్య పంటి వైద్యం కోసం, రక్తం గడ్డ కట్టకుండా వేసుకునే వార్ఫరిన్ మాత్ర కొన్ని రోజులు ఆపింది. రక్తం ఎంత ఆలస్యంగా గడ్డ కడుతుందో చెప్పే ఐఎన్ఆర్ 2.5 నుంచి 3.5 మధ్య ఉండాల్సింది 1.6కు పడిపోయింది. వెంటనే ఆసుపత్రిలో చేర్చాం, రక్తం పలచబరిచే హెపారిన్ ఎక్కిస్తున్నారు.

ఛాతీ మీద పెట్టి చేసిన ఎకోలో (గుండె స్కాన్) వాల్వ్ దగ్గర ప్రెషర్ గ్రేడియంట్, అంటే వాల్వ్‌కు రెండు వైపులా ఉండే ఒత్తిడి తేడా, 5 నుంచి 13కు పెరిగిందని తేలింది. గడ్డ మాత్రం కనబడలేదు. వాల్వ్ నీడ పడి దాని వెనకున్నది సరిగా కనిపించదట. రేపు గొంతులోంచి గొట్టం దించి ఎకో చేస్తారు.

అది రక్తం గడ్డా, లేక వాల్వ్ చుట్టూ మెల్లగా పెరిగే కండలాంటి పొరా అన్నదే మా టెన్షన్. గడ్డయితే కరిగించే మందుకు అవకాశం ఉంటుంది, పొర మందులకు కరగదు.

ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగిందా? ఏ పరీక్షతో తేలింది? రెక్కల కదలిక చూడటానికి ఫ్లోరోస్కోపీ (కదలికను చూపే ఎక్స్‌రే), తేడా పట్టడానికి సీటీ కూడా అడగమంటారా? కరిగించాక రెక్క మళ్లీ పూర్తిగా తెరుచుకుంటోందని ఎలా నిర్ధారించారు? రేపు డాక్టరుగారితో మాట్లాడేలోపు మీ అనుభవం చెబితే చాలా మేలు చేసినవాళ్లవుతారు.