సీసీ, బీసీసీ: తెలుగులో ఏమని చెప్పాలి?

ప్రశ్న: మా కాలనీలో రిటైరైనవాళ్లకి మెయిల్ నేర్పుతున్నాను. పంపడం, జవాబివ్వడం సులువుగానే పట్టుబడ్డాయి. సీసీ, బీసీసీ దగ్గరే అందరూ ఆగిపోతున్నారు. వీటికి మంచి తెలుగు మాటలేమైనా ఉన్నాయా?

జవాబు: ఉన్నాయండీ, కొత్తగా పుట్టించక్కర్లేదు. సీసీ అంటే కార్బన్ కాపీ. టైపు మిషన్లో రెండు కాగితాల మధ్య కార్బన్ పేపరు పెట్టి కొడితే అసలుతో పాటు ఇంకో ప్రతి వచ్చేది. నాలుగైదు పెడితే అడుగుది మసకబారి చదవడానికే కష్టమయ్యేది. ఆఫీసుల్లో చేసినవాళ్లకి ఇది విడమరచి చెప్పాలా? ఉత్తరం చివర సంతకం కింద "నకలు" అని రాసి పై అధికారి హోదా వేసేవాళ్లు కదా, సీసీ అదే. ఉత్తరం ఎవరికో ఆయన పేరు 'టు'లో ఉంటుంది, పని చెయ్యాల్సిందీ ఆయనే. నకలు అందినవాళ్లకి సంగతి తెలిస్తే చాలు. ఈ తేడా చెప్పండి, ఎవరి అడ్రసు ఎక్కడ పెట్టాలన్న టెన్షన్ సగం తగ్గుతుంది.

బీసీసీలో మొదటి అక్షరం 'బ్లైండ్'. దాన్ని మక్కికి మక్కి "గుడ్డి నకలు" అంటే నవ్విపోతారు. నేనైతే "చాటు నకలు" అంటాను. సంఘం నోటీసు వందమందికి పంపేటప్పుడు ఒకరి అడ్రసు ఇంకొకరికి కనపడకూడదంటే అందరినీ అక్కడే పెట్టాలి. ఒక్క జాగ్రత్త: చాటు నకలు అందుకున్న పెద్దమనిషి 'రిప్లై ఆల్' నొక్కితే, 'టు'లోనూ సీసీలోనూ ఉన్నవాళ్లందరి ముందూ గుట్టు రట్టే!

ఇంకొకరు: చాటు నకలు బాగుంది. నకలు అంటే మాత్రం నకిలీ గుర్తొస్తోందండీ. "ప్రతి" అనకూడదా?

జవాబు: నకలు, నకిలీ రెండూ ఒక చెట్టు కొమ్మలే, అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చాయి. కానీ తహసీల్ ఆఫీసులో పహాణీ నకలు కోసం నిలబడ్డవాళ్లెవరికీ నకిలీ గుర్తు రాదు. ఆంధ్ర వైపు అడంగల్ నకలు అన్నా అంతే. ప్రతి కూడా మంచి మాటే, కాకపోతే "ప్రతి ఒక్కరికీ" పక్కన పడితే తికమక.

ఇంకొకరు: మరి "ఎట్ ది రేట్" (@) సంగతి? మా మావయ్య రేటు ఎంతని అడిగాడు!

జవాబు: ఆయన అడిగింది న్యాయమే. అది లెక్కల పుస్తకాల్లోని గుర్తు, పది కిలోలు కిలో నలభై చొప్పున అని రాసేటప్పుడు వాడేది. 1971లో కంప్యూటర్ల మధ్య మొదటి మెయిల్ పంపిన ఇంజనీరు రే టామ్లిన్‌సన్ మనిషి పేరునీ కంప్యూటరు పేరునీ విడదీయడానికి దాన్ని ఎంచుకున్నాడు. మెయిల్లో దానికి "ఫలానా చోట ఉన్న" అని అర్థం చెబితే సరిపోతుంది. పేరు మాత్రం మార్చొద్దు. ఫోన్లో అడ్రసు చెప్పేటప్పుడు అందరూ అనేది ఎట్ ది రేట్ అనే. అన్నట్టు, జీమెయిల్ అడ్రసులో పెద్ద ఏబీసీడీలు కొట్టినా చిన్నవి కొట్టినా ఒకటే, పాస్‌వర్డులో మాత్రం కాదు. అది ముందే చెప్పేయండి.