కో డాట్ యూకే ఈమెయిళ్లను ఫారం తోసేస్తోంది, రెజెక్స్ యాడ మార్చాలి?

చీమకుర్తి_ఫారం:
గ్రానైట్ యూనిట్ ఎంక్వైరీ ఫారం, పీహెచ్‌పీలో ఉంది. జీమెయిల్ వాళ్లకు ఇబ్బంది లేదు. బయటిదేశం బయ్యర్లకే చిక్కు: డాట్ కో డాట్ యూకే, డాట్ గ్రూప్, ప్లస్ గుర్తున్న అడ్రసులు "ఈమెయిల్ తప్పు" అని తిరిగొస్తున్నాయి. పాత రెజెక్స్ (అడ్రసు రూపం సరిచూసే నమూనా) ఇట్టా ఉంది: ముందు చిన్న అక్షరాలు, అంకెలు, చుక్క, అండర్‌స్కోర్, హైఫన్, యాట్ తర్వాత అక్షరాలు, అంకెలు, హైఫన్, ఒక చుక్క, చివర 2 నుంచి 4 అక్షరాలు.

పెన్నాగట్టు:
మార్చడం కాదన్నా, తీసెయ్. యాట్ తర్వాత ఒక్క చుక్కకే చోటుంది, అందుకే కో డాట్ యూకే పోయింది. గ్రూప్ అంటే 5 అక్షరాలు, 4 దాటింది. ప్లస్ జాబితాలోనే లేదు. పెద్ద అక్షరాలూ లేవు; ఫోన్ కీబోర్డు మొదటి అక్షరాన్ని పెద్దది చేస్తే జీమెయిలూ ఆగిపోద్ది.

ట్రిమ్ చేసి (ముందూ వెనకా ఖాళీలు తీసేసి), పీహెచ్‌పీలోనే ఉన్న ఫిల్టర్_వార్ ఫంక్షన్‌కి ఫిల్టర్_వాలిడేట్_ఈమెయిల్ ఇవ్వు. సరిగ్గా ఉంటే అదే అడ్రసు, లేకుంటే ఫాల్స్ వస్తుంది. డేటాబేస్ కాలమ్ కూడా చూసుకో: యాట్ ముందు 64, మొత్తం 254 అక్షరాల దాకా రావచ్చు. కాలమ్ 50 పెట్టి, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో స్ట్రిక్ట్ మోడ్ (పట్టని డేటాను తిప్పికొట్టే సెట్టింగు) ఆపేసుంటే తోక కత్తిరించి దాచేస్తుంది, ఎర్రర్ కూడా రాదు.

ఒంగోలు_బ్యాకెండ్:
ఇంకో రెండు. కాపీ పేస్టుతో వచ్చే నాన్‌బ్రేకింగ్ స్పేస్‌ని (మామూలు ఖాళీలా కనిపించే వేరే గుర్తుని) మామూలు ట్రిమ్ తియ్యదు, దాన్ని విడిగా తీసెయ్యాలి. జావాస్క్రిప్ట్‌లో యూఆర్ఎల్ చేత్తో అతికిస్తుంటే గుర్తుల్ని యూఆర్ఎల్‌కి తగ్గట్టు మార్చే ఎన్‌కోడ్‌యూఆర్ఐకాంపోనెంట్ తప్పనిసరి. లేకుంటే సర్వర్‌కి చేరేసరికి ప్లస్ కాస్తా ఖాళీ అవుతుంది. ఇన్‌పుట్ టైప్ ఈమెయిల్ పెట్టాం గదా అని ఊరుకోవద్దు. చుక్కే లేని "ఏ యాట్ బీ"ని కూడా బ్రౌజర్ ఒప్పుకుంటుంది.

చీమకుర్తి_ఫారం:
ఫిల్టర్_వార్ పెట్టా, యూకేవి ఇప్పుడు ఒప్పుకుంటోంది. మరి జీమెయిల్ స్పెల్లింగ్ తప్పు కొట్టినోళ్ల సంగతేంది? ఎంఎక్స్ రికార్డు (డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి పోవాలో చెప్పేది) చూస్తే పట్టుకోవచ్చా?

కావలి_దేవ్:
కొంతవరకే. పీహెచ్‌పీలోని చెక్‌డీఎన్ఎస్ఆర్ఆర్ ఫంక్షన్ ఎంఎక్స్‌ని చూస్తుంది, కానీ ఎంఎక్స్ లేని డొమైన్‌కి "A" రికార్డు (ఐపీ అడ్రసు చెప్పేది) ఉంటే దానికీ మెయిల్ పంపొచ్చని మెయిల్ పంపే ప్రమాణపత్రం ఆర్ఎఫ్‌సీ 5321లోనే ఉంది. ఈ రికార్డులు చెప్పే డీఎన్ఎస్ కాసేపు తడబడినా ఫాల్సే వస్తుంది. అందుకని దాన్ని నమ్మి ఎంక్వైరీ ఆపొద్దు. పైగా ఆ తప్పు స్పెల్లింగ్ డొమైన్ ఎవరో కొనిపెట్టుకునుంటే ఎంఎక్స్ కూడా దొరుకుతుంది. "జీమెయిల్ డాట్ కామ్ అనబోయారా?" అని పక్కన అడిగి, వాళ్లు కాదంటే వదిలెయ్. ఆ మెయిల్ పెట్టె నిజంగా ఉందో లేదో కన్‌ఫర్మేషన్ లింకు నొక్కితేనే తేలుతుంది.

బయ్యర్ అడ్రసుని ఫ్రమ్‌లో మాత్రం పెట్టొద్దు. వాళ్ల డొమైన్ పేరుతో ఎవరు మెయిల్ పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్, డీమార్క్ నియమాలు నీ సర్వర్‌ని ఒప్పుకోవు, మెయిల్ స్పామ్‌లో పడుద్ది. ఫ్రమ్ నీ డొమైన్‌ది, రిప్లై-టూ బయ్యర్‌ది. పేరు, సబ్జెక్టు గడుల్లోంచి హెడర్‌లోకి పోయేదాంట్లో కొత్త లైను గుర్తులు రెండూ (సీఆర్, ఎల్ఎఫ్) తీసెయ్. వాటిని వాడుకునే నీ ఫారంతో వేరేవాళ్లకు స్పామ్ పంపేది.